మా బావ పులిచారల గిటారు

మొన్న పాడేరు నుంచి అరకు వస్తుండగా బస్సు చెడిపోయి, రోడ్డు పక్కన ఈమధ్యనే వెలసిన ఒక కాఫీ హోటల్లో చాలాసేపు కూర్చోవలసి వచ్చింది. ఒకప్పుడు పసుపు పూల వలిసె చేలున్న ఆ మెట్ట మీద ఇప్పుడు వెదురు పందిళ్లు, పందిళ్ల కింద ఫోటోలు దిగే జంటలు, మా కొండల్లో పండిన కాఫీనే మాకు నురుగు కింద దాచిపెట్టి ఇచ్చే పింగాణీ కప్పులు. ఇవన్నీ చూసి ఓర్చుకోవడం ఈ వయసులో నాకు అలవాటైపోయింది గానీ, లోపలి గోడకు అలంకారంగా తగిలించిన ఎలక్ట్రిక్ గిటారు మీద కన్ను పడేసరికి మాత్రం ఒళ్లు మండింది. దాని మెడ పొడవునా, పసుపు వన్నె కర్రలో, అలలు అలలుగా చారలు. కౌంటరులో ఉన్న యువకుడు ఎవరో జంటకు ఎంతో ఇష్టంగా వివరిస్తున్నాడు: ఇది విదేశీ మేపుల్ కర్ర అట, ఈ చారలు పడిన మాను అరుదుగా దొరుకుతుందట, చూడడానికి ఎంత అందమో అంత గట్టిదట, తరాలపాటు చెక్కుచెదరదట.

నాకు కల్పించుకోవలసిన పనిలేదు. అయినా కల్పించుకున్నాను. దాన్ని ఒక్క వానాకాలం మా ఏజెన్సీ ఇంట్లో పొయ్యి పైన కట్టి ఉంచి, ఆ తర్వాత తరాల సంగతి మాట్లాడమన్నాను. ఆ అబ్బాయి నవ్వి, పెద్దాయనకు బస్సు ఆలస్యమై చిరాకు వచ్చిందని జంటకు సర్దిచెప్పాడు. బస్సు మీద నాకేం చిరాకు? నా చిరాకు వయసు ఆ అబ్బాయి వయసంత ఉంటుంది, అది మా అక్క మొగుడి మీద. ఆయన పోయి చాలా ఏళ్లయింది. పోయినవాళ్ల మీద కోపం ఉంచుకోకూడదని అందరూ అంటారు. నేను ఉంచుకున్నాను. విత్తనాలు దాచినట్టు జాగ్రత్తగా దాచుకున్నాను.

తొంభైల నాటి మా లోయ నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది. సంతలో ఉప్పు, ఎండుచేపల దుకాణాల పక్కనే కేసెట్ల దుకాణం ఉండేది, దాని ముందు ఏమీ కొనకుండా పాటలు వినడానికే నిలబడేవాళ్లు కొనేవాళ్లకన్నా ఎక్కువమంది. నేను అప్పుడే ఆశ్రమ పాఠశాలలో టీచరుగా చేరాను. మా బావ పెదబయలు రోడ్డులో సర్వీసు జీపు నడిపేవాడు, లోపల పట్టినంతమందిని లోపల, పట్టనివాళ్లను పైన, ఇంకా మిగిలితే బంపరు మీద నిలబెట్టుకుని. జీపు అద్దానికి ప్లాస్టిక్ పూలదండ, జేబులో దువ్వెన, ఎవరైనా చూస్తున్నారంటే చాలు గేరు మార్చడంలో కూడా ఒక విలాసం. మనిషి చెడ్డవాడని అనను. కానీ అద్దం కనబడితే ఆగకుండా ఉండలేని మనిషి. అటువంటివాళ్లతో చుట్టరికం కలిసినవాళ్లకు నేను ఇంతకన్నా చెప్పనక్కర్లేదు.

మాకు ఒక పాటల జట్టు ఉండేది. నాదొక గిటారు, బావదొక గిటారు, బావ తమ్ముడిది డప్పు, పాట మా అక్కది. పెళ్లిళ్లకు, చర్చి పండగలకు, బడి వార్షికోత్సవాలకు పిలిచేవారు. పిలిచేది ఎవరి కోసమో మా అందరికీ తెలుసు, ఒక్క బావకు తప్ప. మా వైపు పొలాల్లో ఆడవాళ్లు కలుపు తీసేటప్పుడు, కోతలప్పుడు, వరసకు ఒకామె ముందు పాట ఎత్తుకుంటుంది, తక్కినవాళ్లు ఆమె పట్టిన శృతిలో అందుకుంటారు. ఆ మనిషిని ఎవరూ ఎన్నుకోరు, ఏటేటా అందరూ ఆమె వైపు చూస్తారు, అంతే. ఆమె శృతి తప్పిందంటే వరసంతా తప్పినట్టే, అందుకని ఆ మాట ఆ మనిషి గురించి తమాషాకి కూడా అనరు. మా ఊళ్లో పాట ఎత్తే మనిషి మా అక్క. పెళ్లికి ముందు పుట్టింట్లోనూ ఆమే, పెళ్లయ్యాక అత్తవారి ఊళ్లోనూ ఆమే. వలిసె కోతల్లో ఆమె గొంతు అవతలి గట్టుకు వినబడితే, అవతలి గట్టు ఆడవాళ్లు తమ పాట ఆపి ఆమె పాట అందుకోవడం నేను చెవులారా విన్నాను.

నా గిటారు సంగతి చెప్పాలి. విశాఖలో పాత సామాన్లవాడి దగ్గర దొరికిన ఎలక్ట్రిక్ గిటారు. దాని మెడ కూడా మేపుల్ కర్రే, కానీ గడ్డిపరకల్లాగా నిలువుగా, తిన్నగా సాగిన పీచు, చూడ్డానికి ఏ మెరుపూ లేదు. బావ దాన్ని దూలం ముక్క అనేవాడు. ఇంతలో హార్బరులో ఓడ దిగిన ఎవరో నావికుడు వదిలించుకుపోయిన గిటారు ఒకటి చేతులు మారి బావ దగ్గరికి వచ్చింది. ఎర్రటి ఒళ్లు, అలల మెడ. ఎండలో పట్టుకుని అటూ ఇటూ తిప్పితే చారలు కదిలినట్టు కనబడేవి. పులిచారలని బావే పేరు పెట్టాడు. జీపు ఎక్కినవాళ్లందరికీ చూపించాడు, పాస్టరు గారికి చూపించాడు, ఫారెస్టు చెక్‌పోస్టులో చూపించాడు. మీటడం కన్నా చూపించడమే ఎక్కువ.

ఇక్కడే నాకు ఇప్పటికీ అర్థం కాని విషయం ఒకటుంది. మా కొండల్లో గొడ్డలికి కామ, అంటే పిడి, వేయడానికి కర్ర చూసేటప్పుడు పదేళ్ల పిల్లాడు కూడా పీచు చూస్తాడు. తిన్నగా సాగిన పీచైతేనే తీసుకుంటాడు, అలలు తిరిగిన పీచు ఎంత ముద్దుగా ఉన్నా పొయ్యిలోకి విసిరేస్తాడు, ఎందుకంటే వంకర పీచు కర్ర తడికి, ఆరుడుకి తనకు తోచిన దిక్కుకి తిరుగుతుంది. మా బావ తన జన్మలో ఎన్ని కామలు చెక్కాడో! ఒక్క వంకర కర్ర ముట్టుకోలేదు. అదే మనిషి, ఆ వంకర పీచుకే మెరుగు పూసి, గిటారుకు మెడగా తగిలించి ఇస్తే కళ్లకద్దుకున్నాడు. సరైన దిక్కున కోసి, ఏళ్లపాటు ఆరబెట్టిన అలల మేపుల్ అయితే నిలుస్తుందని తర్వాతెప్పుడో విన్నాను, నిలుస్తుందేమో, నేను కాదనను. బావకు దొరికినది అటువంటిది కాదు.

ఆ ఏడు వానలు ఆషాఢంలో పట్టుకుని దసరా దాకా వదల్లేదు. గోడలకు బూజు, బట్టలకు బూజు, బడిలో సుద్దముక్క కూడా నల్లబల్ల మీద రాయడం మానేసింది. వానాకాలం మా ఇళ్లల్లో పాడు కాకూడనిది ఏదైనా పొయ్యి పైనున్న వాసాలకే కట్టుకుంటాం: విత్తనపు మొక్కజొన్న పొత్తులు, చోళ్ల మూటలు, ఆనప బుర్రలు, డప్పు. కింద మంట ఆరదు, పైన పొగ ఆగదు, పురుగు పట్టదు. బావ తల్లి, అంటే మా అక్క అత్తగారు, కొడుకు గిటారు మూలన చెమ్మ పీలుస్తోందని జాలిపడి, దాన్నీ, అభ్యాసం కోసం ఆ ఇంట్లోనే ఉంచిన నా గిటారునూ, రెండింటినీ పొత్తుల మధ్య కట్టేసింది. బావ సంతోషించాడు. నేనూ వద్దనలేదు, మాకు తెలిసిన కాపలా అదే కాబట్టి. ఆ ముసలమ్మను తప్పుపట్టేవాళ్లు నా ఎదట ఉండొద్దు. విత్తనానికి ఇచ్చిన చోటు ఇచ్చింది, అంతకన్నా మర్యాద మా ఇళ్లల్లో లేదు.

దసరా వెళ్లాక రెండూ దించాం. నా దూలం ముక్క మెడ కొద్దిగా విల్లులా వంగింది. మెడ లోపల ఇనప చువ్వ ఒకటి ఉంటుంది, దాన్ని తాళంచెవి లాంటి చిన్న పనిముట్టుతో కాస్త బిగిస్తే యథాస్థానానికి వచ్చి కూర్చుంది. బావ పులిచారలకు వంగడంతో తీరలేదు, పిండిన గుడ్డలాగ మెలితిరిగింది. ఒక పక్క తీగలు కర్రకు తగిలి గరగరమంటున్నాయి, రెండో పక్క తీగలు వేలు నొప్పెట్టేంత ఎత్తు లేచాయి. చువ్వ బిగిస్తే వంపు పోతుంది గానీ మెలిక పోదు. వేలు నొక్కకుండా మీటే విడి తీగలు సరిచేస్తే మాత్రం చక్కగానే మోగేవి, మెడ కింది మెట్ల మీదే వేలు పెట్టి వాయించే పాటలకు కూడా తేడా పెద్దగా తెలిసేది కాదు. చెయ్యి పై మెట్లకు పాకేకొద్దీ ఒక్కో స్వరం ఒక్కో దారి పట్టేది. బావతో చెప్పాను. పొద్దున్న వెలుతురులో పట్టుకుని చూపించాను.

“కుళ్లురా నీకు. నీ కర్ర మీద గీతలు నేవు గదా, అందుకు,” అన్నాడు. మెడను పంచెతో తుడిచి, మెరుపు చూసుకుని, గోడకు తగిలించాడు.

ఆ చలికాలంలోనే ఒక పెళ్లిలో వట్టి డప్పు మీద మా అక్క పాడిన పాట విన్న విశాఖ కేసెట్ల వ్యాపారి ఒకాయన, కొండ పాటలతో ఒక కేసెట్టు వేద్దామని కబురు పంపాడు. అక్క గొంతే కావాలన్నాడు. వాద్యం ఒక గిటారు, ఒక డప్పు చాలన్నాడు. కేసెట్టు అట్ట మీద జట్టు ఫోటో వేస్తామన్నాడు. ఈ చివరి ముక్క చెప్పకుండా ఉంటే మా కుటుంబం ఈనాడు ఇంకోలా ఉండేది. బావ వెంటనే ఎర్ర చొక్కా కుట్టించుకున్నాడు, గిటారుకు సరిపడేలా. వాయించేది నేనైనా, తనైనా నా గిటారు తీసుకువెళదామని బతిమాలాను. ఎప్పుడూ ఎవరినీ బతిమాలని నేను, ఆ మనిషిని, బతిమాలాను.

“ఆ దూలం ముక్కని పొటోలో ఎడితే కేసెట్టు ఎవుడు కొంతాడ్రా?” అన్నాడు, నా చేతికి వాయించుకోమని కంచు తాళాలు ఇచ్చాడు.

తెల్లవారుజామున కోట మీదుగా విశాఖ వెళ్లే బస్సెక్కాం. అక్క అంతకుముందు ఘాట్ దిగలేదు. మలుపు మలుపుకీ కళ్లు మూసుకుంటూనే పెదాలతో పాట చెప్పుకుంటోంది. రికార్డింగ్ అయ్యాక సముద్రం చూపిస్తామని చెప్పాం. స్టూడియో ఒక మేడ మీద గది, గోడలకు కొబ్బరిపీచు పట్టాలు, మధ్యలో అద్దం, అద్దం అవతల చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకున్న రికార్డింగ్ ఆయన. బావ గిటారు విడి తీగలు అక్కడున్న శృతి చూపే మిషనుతో సరిచేశారు, ముల్లు నడిమధ్యన నిలబడింది. అందరికీ నమ్మకం కుదిరింది. అక్క పాట ఎత్తుకుంది. ఆమె శృతికి బావ చెయ్యి మెడ మీద బాగా పైకి వెళ్లక తప్పదు.

రికార్డింగ్ ఆయన ఆపించాడు. మళ్లీ మొదలుపెట్టించాడు. మళ్లీ ఆపించి, శృతి కలవడం లేదు, తేడా గొంతులోనా గిటారులోనా అని అడిగాడు. గిటారు మెడ తిరిగిపోయిందని నేను నోరు తెరిచేలోపల బావ అందుకున్నాడు.

“ఆవిడకి మైకు కొత్తండి. బయానికి శృతి జారిపోతంది,” అన్నాడు, ఎంతో వినయంగా, నవ్వుతూ.

నేను అరిచాను. అది అబద్ధమన్నాను, గిటారు పై మెట్లు వాయించి చూడమన్నాను, దాన్ని లాక్కోబోయాను. మిషను సరిగ్గా చూపించిందిగా అని రికార్డింగ్ ఆయన నన్నే గది బయటికి పంపించాడు. అద్దంలోంచి చూస్తూ, అవతలి స్పీకర్లో వింటూ నిలబడ్డాను. అక్క, మొగుడు చెప్పాడు కాబట్టి తప్పు తనదేననుకుని, తన శృతి వదిలేసి గిటారును వెతుక్కుంటూ పాడడం మొదలుపెట్టింది. గిటారు ఒక్కో మెట్టు దగ్గర ఒక్కో దిక్కుకి పోతుంటే ఆమె పాపం దాని వెనకాల పరిగెత్తింది. కాసేపటికి నిజంగానే తప్పింది. జన్మలో మొదటిసారి. వ్యాపారి మంచివాడే, ఆవిడకు అలవాటయ్యాక మళ్లీ రమ్మన్నాడు. ఎవరూ సముద్రం ఊసెత్తలేదు. అదే సాయంత్రం బస్సెక్కి వచ్చేశాం.

కేసెట్టు ఏమైందని ఊరంతా అడిగింది, జీపు ఎక్కిన ప్రతివాళ్లూ అడిగారు. మైకు ముందు ఆవిడకు పాట రాలేదని బావ చెప్పాడు. చెప్పగా చెప్పగా అది పెదబయలు దాకా వెళ్లింది. మరుసటి ఏడు వలిసె కోతల్లో అలవాటుగా అందరూ అక్క వైపు చూశారు. అక్క తల వంచుకుని కొడవలి ఆడిస్తూ ఉండిపోయింది. పక్కనున్న ఇంకొకామె ఎత్తుకుంది. అంతే, ఆ పైన ఏ ఏడూ అక్క ఎత్తుకోలేదు.

నేను జట్టు వదిలేశాను. బావతో యుద్ధం మాత్రం వదల్లేదు. పెళ్లిలో కనబడితే పెళ్లిలో, సంతలో కనబడితే సంతలో, నీ వంకర కర్ర ఎలా ఉందని పలకరించేవాణ్ని. ఆయన నన్ను దూలం టీచరు అనేవాడు. చుట్టాలకు మా ఇద్దరి తగవు ఒక వినోదం అయిపోయింది, ఇద్దరమూ ఎదురుపడితే పిల్లలు ముందే చేరి కూర్చునేవాళ్లు. వాళ్లు నవ్వుతుంటే నాకు ఇంకా మండేది, ఇంకా అనేవాణ్ని.

రెండువేల సంవత్సరం దాటాక బావకు జబ్బు చేసి జీపు అమ్మేశాడు, మంచాన పడ్డాడు. ఒక వేసవిలో చూడ్డానికి వెళ్లాను. అక్క సంతకు వెళ్లింది. గిటారు గోడకే ఉంది, ఎర్ర రంగు పెచ్చులూడినా చారలు మాత్రం సిగ్గు లేకుండా మెరుస్తున్నాయి. దాన్ని దించి తీగలు విప్పేసి, ఆయన మంచం పక్కన బల్ల మీద పెట్టాను. తిన్నని వెదురు బద్దలు రెండు చీల్చి, మెడకు పై కొసన అడ్డంగా ఒకటి, కింది కొసన అడ్డంగా ఒకటి ఉంచి, ఆయన తలకింద దిండు ఎత్తి చూడమన్నాను. ఒక బద్ద ఎడమకు ఒరిగితే ఇంకోటి కుడికి ఒరిగింది. గుడ్డివాడైనా తడిమి చెప్పగలడు. తిడతాడనుకున్నాను, నేనూ తిట్టడానికి సిద్ధంగానే ఉన్నాను.

“తెలుసురా,” అన్నాడు. “ఆ రోజే తెలుసు. ఆ అద్దాల గదిలో పైకెల్లి నొక్కగానే తెలిసిపోనాది. అంతమంది ముందల నా గిటారు పాడైపోనాదని ఏటని సెప్పీది?”

ఇన్నేళ్లూ తెలివితక్కువవాడనుకుని తిట్టాను. తెలిసే చేశాడనుకోలేదు. ఆ మాట అక్కతో చెప్పమన్నాను. చెప్తానన్నాడు. ఇంతలో అక్కే బుట్టతో గుమ్మంలోకి వచ్చింది, బల్ల మీద బద్దలు చూసి ఇదేమిటంది. ఆయన దుప్పటి సర్దుకున్నాడు. నేనే చెప్పేశాను, మెడ తిరిగిన సంగతి, ఆయనకు ఆ రోజే తెలిసిన సంగతి, అంతా.

అక్క బుట్ట దించుకుని కొంగుతో మొహం తుడుచుకుంది. “మీ ఇద్దరికీ ఏనాడు పడిందిరా? ఆయన మీద కచ్చ తీర్సుకోడానికి నా పాట దొరికిందేట్రా నీకు? మంచాన్నున్న మనిషి, ఇంక ఊరుకో,” అంది.

నేను బావ వైపు చూశాను. ఒక్క మాట, అవునని ఒక్క మాట అంటే చాలు. ఆయన ఇంటి పెంకులకేసి చూస్తూ పడుకున్నాడు. ఆ తర్వాత వెళ్లినప్పుడల్లా కళ్లతోనే అడిగేవాణ్ని, గోడవైపు తిరిగిపోయేవాడు. అలా గోడవైపు తిరిగే ఒకరోజు పోయాడు.

పాతిపెట్టే రోజున చర్చి ఆడవాళ్లంతా గోతి చుట్టూ నిలబడ్డారు. పాట ఎవరు ఎత్తాలో తెలియక అందరూ అక్క వైపే చూశారు, ఇన్నేళ్ల తర్వాత కూడా. నేను దగ్గరికి వెళ్లి, నువ్వే ఎత్తుకో అక్కా అన్నాను. “ఆయన బతికినన్నాళ్లూ నా మూలంగా ఆయనకి సిన్నతనం. ఇయ్యాల కూడా శృతి తప్పమంతావేట్రా?” అంది. పాస్టరు గారే పాడారు. నేను మట్టి వేసి వచ్చేశాను. ఏడవలేదు.

ఇప్పుడు ఆ ఊళ్లో పొయ్యిలే లేవు. గ్యాసు బండలొచ్చాయి, స్లాబులొచ్చాయి, విత్తనాలు సంచుల్లో కొట్లో దొరుకుతాయి, పొగలో కట్టుకునేదేమీ ఎవరింట్లోనూ మిగల్లేదు. గిటారు మెడల కర్ర కూడా ముందే కొలిమిలాంటి వేడిలో వేయించి తయారుచేస్తున్నారట, తిరగకుండా ఉండేటట్టు. ప్రతి మెట్టు దగ్గరా స్వరం సరిగా ఉందో లేదో ఫోనే చెప్పేస్తోంది. ఆనాడు అద్దాల గదిలో అటువంటిదొకటి ఉంటే ఎవరి మాటా ఎవరూ నమ్మనక్కర్లేకపోయేది. ఈ సంగతులన్నీ పోయిన ఏడు అక్క దగ్గర కూర్చుని, ఈసారి బావను ఒక్క మాట కూడా అనకుండా, నెమ్మదిగా చెప్పాను. అక్క అంతా విన్నది. “ఆయనకి తెలిసుంటే నాకు సెప్పకుండా ఉంతాడేట్రా?” అని మాత్రం అడిగింది.

నా దగ్గర జవాబు ఉంది. కానీ గిటారు తప్పని ఆమె ఒప్పుకుంటే మొగుడి సంగతీ ఒప్పుకోవాలి. తనదే తప్పనుకుంటే ఆ కాపురమంతా ఉన్నచోటే ఉంటుంది. అందుకని ఇక వాదించడం మానేశాను. అక్క ఇప్పుడు మనవలకు జోల కూడా పాడదు. ఏడిస్తే ఫోనులో పాట పెట్టి, పక్కలో వేసుకుని నిద్రపుచ్చుతుంది.